నాలుగో జ్వరం

మా ఊళ్లో హాకీకి దినం పెట్టేది
పంచాంగం కాదు, పట్టుపురుగులు.
నాలుగో జ్వరానికి పోయి, తలలు పైకెత్తి,
కదలక, మేయక
అవి నిద్రపోయే రోజున్నర,
ఆకు కొయ్యాల్సిన పని లేని ఆ రోజున్నరే
పదకొండు ఇంటిపేర్లకూ దొరికే తీరిక.
అందుకే పదకొండిళ్లూ ఒకే పొద్దు చాకీ తెచ్చుకుంటాయి.
"ఏమబ్బా, మీ ఊరోళ్లందరికీ ఒకటే ముహూర్తమా?"
అంటారు పలమనేరులో.
"మ్యాచ్చుండాదన్నా" అంటాడు మా మామ,
ఇంకేం చెప్పాల్సిన పని లేనట్టు.

ఇక్కడ ఆడేది ఇంటిపేరు.
గంపలోళ్లు, ఊట్లోళ్లు, సవరాలోళ్లు, తిరగలోళ్లు.
అరవై దాటిన తాత ముందర, మీసం రాని మనవడు వెనక.
మంది చాలని ఇల్లు చాలకనే దిగుతుంది,
పక్కింటి కాలు అప్పడగదు.
పోయినేడు తిరగలోళ్లు ఏడుగురే వచ్చి
పద్నాలుగు గోల్సు తిని,
పైన రాగిసంగటి కూడా తిని
నవ్వుకుంటా పోయినారు.

కట్టెలు కొన్నవి కావు.
గట్టు మీది ముదురు మల్బరీ మాను కొట్టి,
గూళ్లుడికే బేసిన్లో నానబెట్టి వంచినవి.
వాన పడితే ఇప్పటికీ
వాటినుంచి ఉడికిన పురుగు వాసనొస్తుంది.
కొత్తగా వచ్చిన కోడళ్లు ముక్కు మూసుకుంటారు.
మూడో ఏటికి మర్చిపోతారు.

నేను పుట్టింది గంపలోళ్లింట.
ఎనిమిదేళ్లు వాళ్ల గోలు కాసినాను,
గోనెపట్టలో కొబ్బరిపీచు కూరి
మా నాయిన చెంగల్రాయుడు కుట్టిన ప్యాడ్లు కట్టుకోని.
పెండ్లయిన ఏడు, పేర్లు రాసే బల్ల కాడ
గాబ్రియేలు సారు కండ్లద్దాల పైనుంచి చూసి
"ఏ ఇల్లమ్మా?" అన్నాడు.
నేను నోరు తెరిచే లోపల
మా అత్త దేశమ్మ "ఊట్ల" అనేసింది.
ఆయమ్మ పుట్టింది సవరాలోళ్లింట.
ముప్పై ఏండ్లు మ్యాచ్చుకు సంగటి కెలికిందే గానీ
సున్నం గీత దాటింది లేదు.

ఈ ఏడు ఫైనలు
ఊట్లోళ్లకూ గంపలోళ్లకూ.
ఒకటికొకటి. పొద్దు వాలతా ఉంది.
మా మరిది కాలికి తగిలింది బంతి, విజిలు పడింది,
పెనాల్టీ స్ట్రోకు.
కొట్టను వచ్చినోడు మునికిష్ట, నా తమ్ముడు.

ఆవుల కొట్టం గోడకు బొగ్గుతో గోలు గీసి
వానికి కట్టె పట్టేది నేర్పింది నేనే.
చిన్నప్పుడు నా ఎడమపక్కకు కొట్టాలనుకుంటే
కొట్టే ముందర చొక్కా కాలరు కొరికేవాడు.
వానికి తెలీదు, నేను చెప్పలేదు.
పదిహేనేండ్లు వచ్చినాక
ఆ అలవాటు పోయింది.

ఈ పొద్దు బంతి ముందర నిలబడి
నన్ను చూసినాడు.
కాలరు నోట్లో పెట్టుకున్నాడు.

తెలీకనే కొరికినాడా?
తెలిసి చెప్తా ఉన్నాడా?
తెలిసి మోసం చేస్తా ఉన్నాడా?
విజిలు పడే లోపల
ఇన్ని అడగను టైము లేదు.

ఎడమకు పడినాను.
దబ్‌మని మా నాయిన కుట్టిన పీచు మోగింది.

అవతల చప్పట్లకని లేచిన మా నాయిన చేతులు
గంపలోళ్ల మధ్య ఉన్న సంగతి గుర్తొచ్చి
తలపాగ సర్దుకున్నాయి.
ఇవతల మా అత్త
సంగటి కట్టె చేతిలో ఉండంగానే
సున్నం గీత తొక్కి, దాటి,
మైదానం నడిమధ్యకొచ్చి నిలబడింది.
వచ్చినాక ఏం చెయ్యాల్నో తెలీక
నా మోచేతికి అంటిన మట్టి
పైటతో తుడస్తా ఉండిపోయింది.
ఆట నిలిచిపోయినా
సారు విజిలు ఊదలేదు.

ఎవరు గెలిచినారో ఊళ్లో ఎవర్నడిగినా చెప్తారు.

చీకటి పడినాక షెడ్డులో లైటేస్తే
పురుగులు ఒక్కొక్కటే తల దించతా ఉన్నాయి,
పాత తోలు తోకకాడికి జారిపోయి.
ఆకలి లేచింది.
నలుగురం కొడవళ్లు తీసుకోని తోటలో పడినాము.
పక్క సాల్లో ఎవరో కోస్తా ఉన్నారు.
చూస్తే మునికిష్ట, పిలవకనే వచ్చినాడు.
"మీ ఇంట్లో లేవలేదా ఇంకా?" అన్నాను.
"రేపు పొద్దున్నకు" అన్నాడు.

కాలరు సంగతి అడగలేదు.
వాడు మోపు ఎత్తుకోని ముందర నడస్తా ఉంటే
బ్యాటరీ లైటు వెలుతురు
మెడకాడ పడకుండా
కిందికే పట్టుకోని వచ్చినాను.